అద్దకపు రంగుల నుంచి వెబ్ పేజీ దాకా: నా అనుభవం

నేను వెబ్ సైట్లు తయారుచేసి జీవిస్తున్నాను. ఒక పేజీలో అక్షరాలు ఎంత పరిమాణంలో ఉండాలి, ఏ రంగు మీద ఏ రంగు నిలుస్తుంది, ఆ పేజీ చిన్న తెర మీదా పెద్ద తెర మీదా సరిగ్గా ఒదుగుతుందా, చూపు మందగించినవారు కూడా దాన్ని చదవగలరా అన్నవి నా రోజువారీ పనిలోని ప్రశ్నలు. ఈ పనిలోకి నేను కంప్యూటర్ సైన్స్ చదివి రాలేదు. మొదట రసాయన శాస్త్రం చదివి, అద్దకపు రంగుల మీద ప్రయోగశాలలో పనిచేశాను. అక్కడి నుంచి ముద్రణ కళలోకి వెళ్లి కొన్నేళ్లు అదే లోకంగా బతికాను. ఆ తర్వాతే కోడ్ రాయడం నేర్చుకున్నాను. బయటినుంచి చూసేవారికి ఇది మాటిమాటికీ దారి మార్చుకున్న ప్రయాణంలా కనిపిస్తుంది. నాకు మాత్రం మొదటి నుంచీ ఒకే ప్రశ్న వెంట నడిచినట్టు ఉంది: ఒక రంగు మన కంటికి అలాగే ఎందుకు కనిపిస్తోంది, దాన్ని మనం అనుకున్నట్టు కనిపించేలా చేయడం ఎలా? ఈ మలుపులు ఎలా జరిగాయో, ఒక చోట నేర్చుకున్నదానిలో ఏది తర్వాతి చోట అక్కరకొచ్చిందో, ఏది రాలేదో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ప్రయోగశాలలో నా పని ఎక్కువగా స్పెక్ట్రోఫొటోమీటర్ ముందే జరిగేది. అద్దకపు రంగును నీటిలో కరిగించి, క్యువెట్ అనే చిన్న చతురస్రపు గాజు గొట్టంలో పోసి, దాని గుండా ఒక్కో తరంగదైర్ఘ్యం గల కాంతిని పంపి, అందులో ఎంత భాగం శోషణ అయిందో కొలవాలి. మనిషి కంటికి కనిపించే కాంతి సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల మధ్య ఉంటుంది. 600 నానోమీటర్ల ప్రాంతంలోని నారింజ రంగు కాంతిని పదార్థం మింగేస్తే, మిగిలిన కాంతి మనకు నీలంగా కనిపిస్తుంది. గాఢత రెట్టింపయితే శోషణకు కొలమానమైన అబ్జార్బెన్స్ అనే అంకె కూడా రెట్టింపవుతుందని చెప్పే బీర్–లాంబర్ట్ నియమం పలుచని ద్రావణాలలో చక్కగా నిలబడుతుంది, చిక్కబడేకొద్దీ సడలిపోతుంది. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో ఉన్న విషయాలే. ఆ గదిలో నాకు నిజంగా అబ్బినవి రెండు అలవాట్లు. ఒకటి, ఏ కొలత తీసుకునే ముందైనా రంగు కలపని వట్టి నీటిని పెట్టి సున్నా చూసుకోవడం. రెండోది, ప్రతి రీడింగునూ అప్పటికప్పుడు సిరాతో నోట్‌బుక్కులో రాయడం, కొట్టివేయవలసి వస్తే కింది అంకె కనిపించేలా ఒక్క గీత మాత్రమే గీయడం, ఏ పేజీనీ చింపకపోవడం. మా పర్యవేక్షకులు నోట్‌బుక్కును వారం వారం చూసి, "ఇది చదివి ఇంకొకరు ఇదే ప్రయోగం చేయగలరా?" అని ఒకే ప్రశ్న అడిగేవారు. చేయలేరనిపిస్తే ఆ వారం పని మళ్లీ చేయవలసిందే.

అయితే యంత్రం గీసే వక్రరేఖ ఒక చోట ఆగిపోయేది. ఏ కాంతి ఎంత శోషణ అయిందో అది చెబుతుంది కానీ, ఆ రంగు అద్దిన గుడ్డను ఒక మనిషి చూసినప్పుడు ఏమనుకుంటాడో చెప్పదు. ఒకే తొట్టెలో ఒకే పాళ్లలో అద్దిన రెండు నమూనాలను వేర్వేరు రంగుల అట్టల మీద అంటిస్తే అవి రెండు రంగులుగా కనిపించేవి. యంత్రం మాత్రం రెండింటికీ ఒకే రేఖ గీసేది. దీని గురించి వెతుకుతున్నప్పుడే మిషెల్ ఎజెన్ షెవ్రల్ గురించి చదివాను. ఆయన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1824లో పారిస్‌లోని గోబెలిన్ చిత్రవస్త్రాల కర్మాగారంలో అద్దకాల శాఖకు అధిపతి అయ్యారు. అక్కడి నల్ల ఉన్నిలో గాఢత చాలడం లేదని ఫిర్యాదులు వస్తుంటే, ఆయన ఆ ఉన్నిని ఇతర చోట్ల అద్దిన ఉన్నితో పోల్చి చూసి, రంగులో లోపమేమీ లేదని తేల్చారు. నేతలో నలుపు పక్కన వచ్చే ఇతర రంగులే దాన్ని పేలవంగా కనిపించేలా చేస్తున్నాయి. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చివేస్తాయో వివరిస్తూ ఆయన 1839లో వెలువరించిన సిద్ధాంతం ఆ తర్వాతి తరాల చిత్రకారులకు పాఠమైంది. రసాయన చర్య కోసం వెతికిన మనిషికి కంటి చర్య దొరికింది. ఆ వృత్తాంతం చదివాక నా ప్రశ్నకు సగం జవాబు నా గదికి అవతల ఉందని నాకు గట్టిగా అనిపించింది.

కళ వైపు నన్ను లాక్కెళ్లింది సయనోటైప్. ఇనుప లవణాలతో నీలి చిత్రాలు ముద్రించే ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టారు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త, రసాయనాలలోనూ దిట్ట. మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ అనే వృక్షశాస్త్రవేత్త సముద్రపు నాచు నమూనాలను ఆ పద్ధతిలో ముద్రించడం మొదలుపెట్టి, ఛాయాచిత్రాలతో కూడిన పుస్తకాన్ని ప్రపంచంలో మొదటగా తీసుకువచ్చారు. చేసే తీరు సులువు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను మసక వెలుతురులో కలిపి కాగితానికి పూసి ఆరబెట్టాలి. దాని మీద ఆకునో నెగెటివ్‌నో పరిచి ఎండలో పెట్టాలి. అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను అందుకుని రూపం మార్చుకుంటుంది, ప్రష్యన్ నీలం ఏర్పడి కాగితపు పోగులను పట్టుకుంటుంది. నీడ పడిన చోట రసాయనం మారకుండా ఉండిపోయి నీటిలో కడిగినప్పుడు పోతుంది. ఒక ముద్రణశాలలో సాయంత్రపు తరగతికి నేను ఈ రసాయనం తెలిసిన మనిషిగానే వెళ్లాను. కడుగుతున్న నీళ్లలో పచ్చదనం వదిలి నీలం తేరుకోవడం కళ్లారా చూశాక తరగతులు మానలేకపోయాను. ప్రయోగశాలలో నేను చేస్తున్న ప్రాజెక్టు ముగిసి, పరిశోధక పట్టా కోసం కొనసాగాలా అని తేల్చుకోవలసిన సమయం వచ్చినప్పుడు, నేను ముద్రణ కళలో పూర్తికాలపు శిక్షణను ఎంచుకున్నాను.

అక్కడ నాకు ఎదురైన ఒక చిక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా తర్వాతి వృత్తిలో నేను చేసే పని పద్ధతి అంతా అందులోనే ఉంది. ఒకసారి మా ముద్రణశాలకు కొత్త కాగితం వచ్చింది. మందంగా, నున్నగా, ఎన్నేళ్లయినా పసుపెక్కదని పేరున్న కాగితం. దాని మీద తీసిన ముద్రలు కడిగిన వెంటనే బాగానే కనిపించి, కొద్ది రోజులలో వెలిసిపోసాగాయి. ఎండ చాలలేదని ఒకరు, రసాయనం పాతబడిందని ఇంకొకరు, నీళ్లు మారాయని మరొకరు అన్నారు. అందరూ అన్నీ ఒకేసారి మార్చి చూస్తుండటంతో ఏ ఫలితానికి ఏది కారణమో తెలియకుండా పోయింది. నేను నోట్‌బుక్కు తీసి, పాత కాగితాన్ని సున్నాగా పెట్టుకుని, ఒక్కొక్కసారి ఒక్కటే మార్చుతూ వచ్చాను. అదే రసాయనం, అదే ఎండ, అదే నీరు, కాగితం మాత్రం వేరు. తేడా కాగితం దగ్గరే వచ్చింది. కాగితం చిరకాలం మన్నడానికి తయారీదారులు అందులో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. అది కాగితాన్ని ఆమ్లం నుంచి కాపాడుతుంది. ప్రష్యన్ నీలం ఆమ్లాన్ని ఓర్చుకుంటుంది గాని క్షారాన్ని ఓర్చుకోదు, క్షారం తగిలితే విడిపోతుంది. కాగితానికి రక్షణ అయినదే రంగుకు శత్రువైంది. పూత వేసే ముందు ఆ కాగితాన్ని పలుచని ఆమ్లంలో ముంచి తీస్తే ముద్రలు నిలిచాయి. నాకు సంతోషం కలిగించిన విషయమేమిటంటే, నా నోట్‌బుక్కులోని ఆ పేజీ నకలును ముద్రణశాల గోడకు అంటించిన తర్వాత, కొత్తగా చేరినవారు నన్ను అడగకుండానే దాన్ని చదివి ఆ పని చేసుకోగలిగారు.

కళ నాకు ఇచ్చినది కూడా తక్కువేమీ కాదు, కాకపోతే దాని ఉపయోగం ఆలస్యంగా తెలిసింది. మాకు రేఖాచిత్రణ నేర్పిన గురువుగారు ఒకే వస్తువును పూటంతా గీయించేవారు. రంగు పెట్టడానికి ముందే, "కళ్లు సగం మూసి చూడు, రంగును మరిచిపో, ఏది వెలుగో ఏది నీడో ముందు తేల్చుకో" అనేవారు. కళ్లు అలా చిట్లించినప్పుడు చిన్న చిన్న వివరాలు మసకబారి, బొమ్మ అంతా కొన్ని వెలుగు ముక్కలుగా, కొన్ని చీకటి ముక్కలుగా తేలుతుంది. ఎర్రని పండు పచ్చని ఆకు మీద ఉన్నప్పుడు రంగులు రెండూ వేరైనా వెలుగు దాదాపు సమానం కావచ్చు. అప్పుడు నలుపు తెలుపులలో గీస్తే పండు ఆకులో కలిసిపోతుంది. ప్రయోగశాలలో నేను రంగుకు ఉన్న తరంగదైర్ఘ్యం గురించే ఆలోచించేవాడిని. రంగుకు ఒక బరువు ఉంటుందని, చూపు మొదట పట్టుకునేది ఆ బరువునేనని నాకు బొగ్గుముక్కతో గీస్తున్నప్పుడే తెలిసింది.

వెబ్ నా జీవితంలోకి అవసరం కొద్దీ వచ్చింది. ముద్రణ కళాకారులం కొందరం కలిసి పెట్టుకున్న ప్రదర్శనకు ఒక సైట్ కావలసి వచ్చింది. ఆ రోజులలో కళాకారుల సైట్లు చాలావరకు బొమ్మలను కదిలించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. పేజీ తెరవగానే బొమ్మలు జారుతూ, తిరుగుతూ ముచ్చటగా కనిపించేవి గాని, అందులోని మాటలను కాపీ చేయడానికి వీలుండేది కాదు, చాలా ఫోన్లలో అసలు తెరుచుకునేవే కావు. ముద్ర ఎన్నేళ్లు నిలుస్తుందని ఆలోచించడానికి అలవాటుపడిన నాకు ఇది పెద్ద లోటుగా కనిపించింది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, అలా కట్టిన కళాకృతులు లెక్కలేనన్ని కనుమరుగయ్యాయి. దీనికి భిన్నంగా, ఐరోపా భౌతిక శాస్త్ర పరిశోధన సంస్థ అయిన సెర్న్‌లో టిమ్ బెర్నర్స్‌లీ రూపొందించిన మొట్టమొదటి వెబ్ పేజీ నేటి బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది. ఆ పేజీని సెర్న్ 2013లో దాని పాత చిరునామాలోనే మళ్లీ అందుబాటులోకి తెచ్చింది. భౌతిక శాస్త్రవేత్తలు తమ పత్రాలను ఒకరితో ఒకరు పంచుకోవడానికి 1989లో వేసిన ప్రతిపాదన నుంచి వెబ్ పుట్టిందని, 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసిందని చదివినప్పుడు, నేను వదిలివచ్చిన ప్రయోగశాల లోకానికీ ఇప్పుడు అడుగుపెడుతున్న చోటుకూ చుట్టరికం ఉందని నాకెంతో ధైర్యం కలిగింది. నోట్‌బుక్కు చదివి ఇంకొకరు అదే పని చేయగలగాలన్న నియమం ఇక్కడా ఉంది. ఏ పేజీనైనా తెరిచి దాని సోర్స్ చూసి నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నది కూడా చాలామటుకు అలాగే.

ముందు పేజీలోని విషయాన్ని పేర్చే హెచ్‌టీఎంఎల్, తర్వాత దాని రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్, చాలా తర్వాత పేజీని చూసేవారి చర్యలకు స్పందించేలా చేసే జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాను. హెచ్‌టీఎంఎల్ తొందరగానే పట్టుబడింది. సీఎస్‌ఎస్ దగ్గర నాలోని ముద్రణ కళాకారుడు ఎదురు తిరిగాడు. ముద్రణలో పలక కొలత ముందే తెలుసు, కాగితం కొలత తెలుసు, అంచు ఎంత వదలాలో వెంట్రుకవాసి తేడా లేకుండా నిర్ణయించుకోవచ్చు. వెబ్‌లో కాగితమే లేదు. చూసేవారి తెర ఎంత ఉంటుందో, వారు అక్షరాలను ఎంత పెద్దవి చేసుకుంటారో, వారి దగ్గర ఏ ఫాంట్లు ఉన్నాయో నాకు తెలియదు, తెలియకుండానే పేజీ నిలబడాలి. 2010లో ఈథన్ మార్కాట్ అనే వెబ్ రూపకర్త స్పందించే రూపకల్పన గురించి రాసిన తర్వాత, కొలతలను పిక్సెళ్లలో బిగించకుండా నిష్పత్తులలో ఇచ్చి, తెర వెడల్పును బట్టి అమరికను మార్చే పద్ధతి వేగంగా వ్యాపించింది. నేను దాన్ని నేర్చుకునే రోజులలో ఒక్కొక్క పేజీని కిటికీ అంచు పట్టుకుని మెల్లగా ఇరుకు చేస్తూ, ఏ వెడల్పు దగ్గర ఏది విరుగుతోందో నోట్‌బుక్కులో రాసుకునేవాడిని. ఎండలో ఒక కాగితాన్ని అంచెలంచెలుగా కప్పుతూ ఏ సేపటికి ఏ నీలం వస్తుందో తెలుసుకునే పరీక్షా పట్టీ పద్ధతే ఇది. అంచు మీద పట్టు వదులుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ వదులుకోవడం నేర్చుకున్నాకే నేను వెబ్‌కు సంబంధించిన మనిషినయ్యానని అనుకుంటాను.

జావాస్క్రిప్ట్ గురించి ఎక్కువ చెప్పను. దాన్ని అందరిలాగే కష్టపడి నేర్చుకున్నాను. ఒక్క విషయం మాత్రం చెప్పదగ్గది: బగ్ వెతకడంలో తోటివారి కంటే నేను నెమ్మదిగా మొదలుపెట్టి తొందరగా ముగించేవాడిని. పేజీలో ఏదో పనిచేయడం లేదంటే, పనిచేస్తున్న అతి చిన్న పేజీ ఒకటి ముందు తయారుచేసుకుని, దాన్ని సున్నాగా పెట్టుకుని, ఒక్కొక్క ముక్కను చేర్చుతూ ఎక్కడ చెడుతోందో చూడటం నాకు సహజంగా వచ్చింది.

ఉద్యోగం దొరకడం మాత్రం సులువుగా జరగలేదు. ఇంటర్వ్యూలలో నా చదువు, నా పని చూసినవారు మర్యాదగానే మాట్లాడేవారు, చివరికి ఒకే అనుమానం మిగిలేది. "ఇన్ని మార్చారు కదండీ, ఇక్కడైనా నిలుస్తారా?" అని ఒకరు సూటిగానే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మనిషిని తీసుకుని, నేర్పించి, ఏడాది తిరగకుండా పోగొట్టుకోవడం ఏ సంస్థకైనా నష్టమే. నా వివరాల పత్రంలో కాలక్రమం ప్రకారం పేర్చుకున్న పట్టాలు, ప్రదర్శనలు ఆ అనుమానాన్ని తీర్చలేవని గ్రహించి, దాన్ని పూర్తిగా తిరగరాశాను. నేను ఏ సమస్యను ఎలా పరిష్కరించానో చెప్పే పేజీలు తయారుచేశాను: కాగితం చిక్కు ఒకటి, ప్రదర్శన సైట్‌ను నెమ్మదిగా ఉండే కనెక్షన్‌లో కూడా తెరుచుకునేలా తేలిక చేసిన పని ఒకటి, రంగుల అమరిక ఒకటి. ప్రతి దానిలో మొదట ఏముంది, ఏం మార్చాను, ఏం కొలిచాను, ఏం తేలింది అని వరుసగా ఉండేది. ఆ తర్వాతి ఇంటర్వ్యూలలో మాట నా గతం నుంచి నా పని పద్ధతి మీదికి మళ్లింది. చివరికి దొరికిన ఉద్యోగంలో నాకంటే వయసులో చాలా చిన్నవారి దగ్గర, అందరికంటే తక్కువ జీతానికి చేరాను. వెనకటి రంగాలలో గడిపిన ఏళ్లు జీతం లెక్కలోకి రావు. ఈ దారిన రాదలచినవారు ఆ ఖర్చును ముందే లెక్కవేసుకోవాలి. నాకు అప్పు లేకపోవడం, నా మీద ఆధారపడినవారు ఎవరూ లేకపోవడం ఎంత సాయం చేశాయో నాకు తెలుసు, అవి అందరికీ ఉండవు.

చేరిన కొత్తలో నాకు బటన్లు, ఫారాలు, రంగుల సవరణ వంటి చిన్న పనులు ఇచ్చేవారు. ఒకరోజు సహోద్యోగి ఒకరు వచ్చి, "ఏమండీ, ఈ బటన్ రంగు మార్చారా? ఆ పేజీలో ఒకలా, ఈ పేజీలో ఒకలా ఉంది" అన్నారు. కోడ్‌లో రెండు చోట్లా ఒకే బూడిద రంగు ఉంది. ఒక పేజీ నేపథ్యం ముదురు నీలం, ఇంకోటి లేత పసుపు. షెవ్రల్ దగ్గరికి వచ్చిన ఫిర్యాదే అది. తెర మీది రంగును కొలిచే పరికరంతో రెండింటి అంకెలూ ఒకటేనని చూపించి, నేపథ్యానికి తగినట్టు ఒక దాన్ని కొంచెం సవరించి, రెండూ కంటికి ఒకేలా కనిపించేటట్టు చేశాను. అంకెలు వేరైనప్పుడే రంగులు ఒకేలా కనిపించాయని చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఆ రోజు నుంచి రంగులకు సంబంధించిన పనులన్నీ నా దగ్గరికి రావడం మొదలైంది.

అలా నేను, చూపు తక్కువ వంటి ఇబ్బందులున్నవారు కూడా పేజీలను వాడుకోగలగాలని చెప్పే అందుబాటు ప్రమాణాల వైపు వెళ్లాను. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.0 అనే అందుబాటు మార్గదర్శకాల ప్రకారం, మామూలు పరిమాణపు అక్షరాలకూ వాటి వెనకనున్న రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3కు 1 చాలు. ఈ నిష్పత్తి లెక్కించే సూత్రం నాకు మొదటిసారి కనిపించినప్పుడు పాత స్నేహితుణ్ణి కలిసినట్టయింది. అందులో ఎరుపుకు 0.2126, ఆకుపచ్చకు 0.7152, నీలానికి 0.0722 బరువు ఇస్తారు. మన కన్ను ఆకుపచ్చ కాంతిని బాగా వెలుగుగా, నీలాన్ని బాగా చీకటిగా గ్రహిస్తుందన్న విషయం ఆ మూడు అంకెలలో ఇమిడి ఉంది. వీటి మూలాలు 1920లలో రైట్, గిల్డ్ అనే పరిశోధకులు జరిపిన ప్రయోగాల మీద నిలబడిన, 1931 నాటి అంతర్జాతీయ వెలుగు సంఘం (సీఐఈ) రంగుల ప్రమాణంలో ఉన్నాయి. ఆ ప్రయోగాలలో పాల్గొన్నవారు మూడు దీపాల వెలుగును హెచ్చుతగ్గులు చేస్తూ ఎదురుగా ఉన్న రంగుకు సరిపోల్చారు. ప్రయోగశాలలో యంత్రం చెప్పలేకపోయిన మాటను మనుషుల కళ్లు అలా చెప్పాయి. గురువుగారు కళ్లు చిట్లించి చూడమన్నది కూడా ఇదే. స్వచ్ఛమైన పసుపు అక్షరాలను తెల్లటి పేజీ మీద పెడితే నిష్పత్తి 1.07 మాత్రమే వస్తుంది, అదే నీలి అక్షరాలను పెడితే 8.59 వస్తుంది. చిత్రకారుడు ఈ అంకెలు చూడకుండానే పసుపుతో నీడ వేయడు.

ప్రమాణాల అంచు ఎంత సన్నగా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. తెర మీది రంగులకు వాడే 0 నుంచి 255 దాకా ఉన్న మెట్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 118 చొప్పున ఉన్న బూడిద రంగు అక్షరాలు తెల్లటి పేజీ మీద 4.54 నిష్పత్తితో గట్టెక్కుతాయి. ఒక్క మెట్టు పెంచి 119 చేస్తే 4.48కి పడిపోయి తప్పుతాయి. కంటికి ఆ రెంటికీ తేడా తెలియదు. అందుకని నేను గట్టెక్కడం చాలనుకోను, అంచుకు దూరంగా ఉండే రంగునే ఎంచుకుంటాను. చూపు తక్కువగా ఉన్నవారితో కూర్చుని పేజీలు పరీక్షించినప్పుడు, నిష్పత్తి సరిగ్గానే ఉన్నా అక్షరపు గీతలు సన్నగా ఉంటే చదవలేకపోయినవారిని చూశాను. సూత్రం రంగు బరువును కొలుస్తుంది, గీత మందాన్ని కొలవదు. ఆ ఖాళీని పూరించవలసింది చూసే అలవాటున్న కన్నే.

తెలుగు పేజీల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్షరానికి పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు ఉండటం వల్ల మన వరుసకు నిలువులో ఎక్కువ చోటు కావాలి. రోమన్ లిపికి సరిపోయే వరుసల ఎడమిచ్చి వదిలేస్తే, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడుల మీద పడతాయి. బటన్ లాంటి బిగుతైన పెట్టెలలో వత్తుల కింది భాగం తెగిపోతుంది. కోడ్‌లో అది తప్పుగా కనిపించదు, ఏ పరీక్షా దాన్ని పట్టుకోదు. నేను ఏ తెలుగు పేజీ కట్టినా ముందు "స్త్రీ", "రాష్ట్రీయ", "శాస్త్రి" వంటి మాటలున్న రెండు వరుసలను ఒకదాని కింద ఒకటి పెట్టి, అవి తగలకుండా ఉండే ఎడం దొరికేదాకా కొలతను పెంచుతూ పోతాను. ముద్రణలో అచ్చు దిద్దేవారు చేసిన పనే ఇది.

పాత రంగాల నుంచి నాతో రానివి కూడా ఉన్నాయి. ప్రయోగశాలలోని నిదానం ఇక్కడి గడువులతో పొసగలేదు. సందేహం పూర్తిగా తీరేదాకా ఫలితం బయటపెట్టకూడదన్న శిక్షణను పక్కనపెట్టి, సరిపోయేంత తేలగానే విడుదల చేసి తర్వాత సవరించడం నేర్చుకోవలసి వచ్చింది. ముద్ర కింద సంతకం చేసే కళాకారుడికి, పదిమంది చేతులు పడిన కోడ్‌లో తన ముక్క ఎక్కడుందో వెతుక్కోవడం కొంతకాలం వెలితిగానే ఉంటుంది. డేటాబేస్‌లు, సర్వర్లు, నెట్‌వర్కుల పునాదులను కంప్యూటర్ సైన్స్ చదివి వచ్చినవారు చిన్న వయసులోనే నేర్చుకుంటారు. నేను వాటిని పని చేస్తూ, రాత్రులు చదువుతూ పోగు చేసుకున్నాను, ఇప్పటికీ చేసుకుంటున్నాను. దారి మెలికలు తిరిగినంత మాత్రాన ప్రతి మెలికా లాభమే అని నేను చెప్పను.

ప్రస్తుతం నేను చేస్తున్న పని, ఒక పెద్ద సైట్‌కు పగటి రంగుల వరుసనూ చీకటి రంగుల వరుసనూ కొత్తగా అమర్చడం. ఇంతకాలం రంగులను, వన్నె, గాఢత, వెలుగు అనే మూడు అంకెలతో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతిలో ఇచ్చేవారు. అందులో 50 శాతం వెలుగు అని రాసిన పసుపూ, 50 శాతం వెలుగు అని రాసిన నీలమూ కాగితం మీద సమానం, కంటికి మాత్రం పసుపు వెలుగు నీలపు వెలుగుకు పన్నెండింతలకు పైగా ఉంటుంది. 2020లో బ్యోర్న్ ఓటోసన్ ప్రతిపాదించిన ఓకేల్యాబ్ రంగుల వ్యవస్థ కంటికి కనిపించే వెలుగుకు దగ్గరగా అంకెలు ఇస్తుంది. దాని మీద ఆధారపడిన ఓకే ఎల్‌సీహెచ్ పద్ధతి ఇప్పుడు సీఎస్‌ఎస్‌లో నేరుగా వాడుకోవచ్చు. వెలుగు, గాఢత, వన్నె అనే మూడు కొలతలుగా రంగును విడదీయాలని 1905లోనే చిత్రకారుడూ అధ్యాపకుడూ అయిన ఆల్బర్ట్ మన్సెల్ ప్రతిపాదించారు. ఆయన కన్ను వెతికిన అమరికే నూరేళ్ల తర్వాత బ్రౌజర్‌లోకి వచ్చింది. వెలుగును స్థిరంగా ఉంచి వన్నెను మాత్రమే మార్చుతూ, ఒక్కో రంగునూ తెలుపు మీదా నలుపు మీదా పెట్టి, నిష్పత్తిని నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. పగటి వరుస పూర్తయింది. చీకటి వరుసలో ఎరుపు ఇంకా మంకుపట్టు పడుతోంది: హెచ్చరికలా కనిపించేంత గాఢంగా ఉంచితే అక్షరాలు మసకబారుతున్నాయి, అక్షరాలు తేటపడేంత వెలుగు పెంచితే గులాబీ రంగుకు జారిపోతోంది. వచ్చే వారం చూపు తక్కువగా ఉన్న ఇద్దరు పాఠకులు పరీక్షకు వస్తున్నారు. రెండు రకాల ఎరుపులనూ వారి ముందు పెట్టి, వారు చెప్పినదాన్ని బట్టి ఒకటి తేల్చుకుంటాను.